అత్తగారి కోసం దించిన బండి

"టీ నా లెక్కే, అందరూ కూర్చోండి. టైలర్ బాబాయ్, నీ జాకెట్లు ఎక్కడికీ పారిపోవులే. ఇంకెవరైనా ఉంటే పిలవండి. కాస్త కండబలం ఉన్నవాళ్లయితే మరీ మంచిది."

"కండబలం ఎందుకురా?" అన్నాడు టైలర్ బాబాయ్.

"చెప్తాగా! మోకాలి ఆపరేషనయిన మా అత్తగారిని ఇవాళ ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకురావాలి. నా ఎస్‌యూవీ చూశారుగా, మేడంత ఎత్తు. ఆవిడ ఎక్కలేదు. 'మా అమ్మకి పనికిరాని బండి మనకెందుకు, అమ్మేయ్' అంది మా ఆవిడ. అమ్మేయాలట! మనసు చివుక్కుమంది. మెకానిక్‌ని అడిగితే కొత్త స్ప్రింగులు వేయాలని బండి ఖరీదంత చెప్పాడు. నేను ఊరుకుంటానా? జాకీ పెట్టి, చక్రాలూడదీసి, ఒక్కో స్ప్రింగూ రంపంతో ఒక చుట్టు కోశా. పైసా ఖర్చు లేదు!"

"నువ్వే కోశావా?"

"వెన్న కోసినట్టు! ఫోనా? మోగనీ, మా ఆవిడే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండి జానెడు దిగింది. అత్తగారికి జానెడేం సరిపోతుందని ఇంకో చుట్టు, చేయి ఊపులో ఉంది కదాని ఇంకోటి. దాని కింద రోజూ పడుకునే కుక్క దూరబోయి, కుదరక, నా వంక ఒక చూపు చూసి వీధే మార్చేసింది!"

"కుక్క పాపం!"

"అప్పుడే పాపమంటే ఎలా? పొద్దున్నే బయల్దేరా. రైల్వే గేటు వేసుంది. అందరూ ఆగారు, నేను ఆగలేదు, గేటు కిందనుంచి జారిపోయా! గేట్‌మ్యాన్ ఏదో గాలి అనుకున్నాడు. అవతల ఎండ మండిపోతోంది. ముందు లారీ పోతోంది, దాని కింద దూరి నీడలో రెండు వీధులు నడిపా. లారీవాడు బ్రేకేస్తే నేనూ వేశా, వాడు హారన్ కొడితే నేనూ కొట్టా, వాడు దిగి వెతుక్కున్నాడు పాపం, తన లారీకి పిల్ల పుట్టిందేమోనని! బాబాయ్, ఆ మలుపు వైపు చూడకు, ఇటు చూడు. ఇక స్పీడ్ బ్రేకర్లంటావా? మన బండి వస్తోందంటే అవే నేలకి అతుక్కుపోయాయి!"

"మరి ఆసుపత్రికి వెళ్లావా?"

"వెళ్లినట్టే! టీ తాగండి, చల్లారిపోతోంది, త్వరగా..."

ఆటో వచ్చి ఆగింది. డ్రైవర్ దిగి, చేతిలోని చిన్న ప్లాస్టిక్ స్టూలు బల్ల మీద పెట్టాడు.

"అన్నా, నీ బండి మలుపులో స్పీడ్ బ్రేకర్ మీద పొట్ట ఆనించి పడుకుంది. నాలుగు చక్రాలున్నా ముందుకీ పోదు, వెనక్కీ రాదు. వెనక అందరూ తిడుతున్నారు."

టైలర్ బాబాయ్ గ్లాసు కింద పెట్టాడు. "అందుకా మాకు టీ!"

"మోయడానికి నలుగురు కావద్దా, బాబాయ్? అత్తగారు అక్కడ ఎదురుచూస్తుంటారు..."

"చూడట్లేదు," అన్నాడు ఆటోవాడు. "మీ ఆవిడ నా ఆటో పిలిచింది. పెద్దావిణ్ణి ఇప్పుడే ఇంటి దగ్గర దింపా. దారిలో నీ బండిని చూశారు."

"ఏమన్నారు?"

"నువ్వు బాధపడతావని, దీని మీద కాలేసి నీ బండే ఎక్కాలని పెద్దావిడ పొద్దున్నే ఈ స్టూలు కొనిపించుకున్నారట. ఇప్పుడు బండి కింద పెట్టుకుని లేపుకోమని పంపారు."