నాలుగు సూత్‌లు

ఖుర్సీపార్‌ ఉక్కు టౌన్‌షిప్పులో ఒక క్వార్టరు, రాత్రి ఎనిమిది దాటిన వేళ. కొత్తగా బిగించిన వీధి గుమ్మంలో చక్రాల కుర్చీ, కుర్చీలో కొర్నేలి. ఎదురుగా వరండాలో పక్కింటి పరబ్రహ్మం మాస్టారు. కుర్చీ వెనక, చక్రాలనీ గుమ్మం అంచుల్నీ కప్పేసిన పరదా అవతల, కొర్నేలి కూతురు జెన్నీ. రేపు ఉదయం ఆమె పెళ్ళి.

"డిసెంబరు తొమ్మిది, శనివారం. మీ ఆవిడ లూసమ్మగారు వంకాయా ఎండు నెత్తళ్ళూ ఇగురు పెట్టారు. నేను రెండోసారి అన్నం కలుపుకుంటుంటే నువ్వు కుర్చీ కొలత చెప్పావు, కొర్నేలీ."

"చెప్పేను మాస్టారూ. ఏటి చెప్పేను?"

"అరవై మూడని."

"అంగుళాలా?"

"అరవై మూడు అంగుళాలైతే అందులో నువ్వూ నేనూ పెళ్ళికొడుకూ కూడా కూర్చోవచ్చు. సెంటీమీటర్లు."

"అయితే మీ దగ్గరే తప్పు జరిగింది. మిస్త్రీకి సెంటీమీటరంటే తెలీదు. అంగుళం, సూత్, అంతే. మీరు సెంటీమీటర్లని అంగుళాలు చేసినప్పుడు ఎక్కడో జారిపోయింది."

"డాడీ, ఇంకొక్కసారి తోస్తాను."

"గోరింటాకు చేతుల్తోటి తొయ్యకమ్మా, చెరిగిపోతాది."

"మోచేతుల్తోటి తోస్తున్నాను. మాస్టారంకుల్, మీరు అటునించి లాగండి."

"లాగుతున్నానమ్మా."

"కదలట్లేదు. జరా భీ నహీ. ఇందాక ఇక్కడిదాకా బాగానే వచ్చింది కదా?"

"చక్రాలు గుమ్మంలోకి వచ్చేసరికి పట్టీసింది. నేను ముందే చెప్పేను, పట్టదని. ఎవరైనా విన్నారేటి? గుమ్మం పీకేరు, గోడ కొట్టేరు, పదిహేను రోజులు ఇంట్లో సిమెంటు తిన్నాం. ఇప్పుడు చూడు. ముందుకీ లేదు, వెనక్కీ లేదు."

"అంకుల్, ఎంత తక్కువైందో చూడండి. నా చేతులు ఇలగున్నాయి, పరదా కూడా ఎత్తలేను."

"పరదా ఎత్తక్కర్లేదు. చెయ్యి పెట్టి చూశాను. నాలుగు సూత్‌లమ్మా."

"అంటే?"

"అంగుళానికి ఎనిమిది సూత్‌లు. నాలుగంటే అరంగుళం."

"అరంగుళం కోసమా? రేపు తొమ్మిదికి డాడీ చెయ్యి పట్టుకుని చర్చిలోకి వెళ్ళాలి నేను. ఇంకేటీ అడగలేదు కదా. చీర అడగలేదు, బ్యాండు అడగలేదు."

"మీ హార్వే బాబాయి ఉన్నాడు కదమ్మా. చెయ్యెత్తు మనిషి. కోటు కూడా కుట్టించుకున్నాడు. వాడు పట్టుకుంటాడు."

"బాబాయి కోటు కోసమా నా పెళ్ళి?"

"అది కాదమ్మా."

"జెన్నీ, కోప్పడాలంటే నన్ను కోప్పడు. లెక్క నాది. ముప్పై ఏళ్ళు పిల్లలకి కొలతలు చెప్పాను. ఇంటి పక్కన గుమ్మానికొచ్చేసరికి దశాంశం దగ్గర తప్పాను."

"చూసేవా, మాస్టారే ఒప్పుకుంటన్నారు."

"మీ మీద కోపం లేదు అంకుల్. మిస్త్రీని పిలుచుకొస్తాను. అరంగుళమే కదా, చెక్కీస్తాడు. పెరటి మెట్ల వైపునించి వెళ్తాను."

"పెళ్ళికూతురివి, ఈవేళప్పుడు వీధుల్లో తిరుగుతావేటి?"

"పెళ్ళికూతుర్ని రేపు కదా డాడీ. ఇవాళ జెన్నీనే."

"శాలువా కప్పుకుని వెళ్ళమ్మా. చలి."

"సరే అంకుల్. డాడీని చూస్తుండండి."

"ఎక్కడికెళ్తాను? చూడ్డానికేముంది?"

"..."

"వెళ్ళిందా మాస్టారూ?"

"సందు మలుపు తిరిగింది. మిస్త్రీ ఇల్లు పట్టాల అవతల. రానూ పోనూ అరగంట."

"మంచిది."

"ఏం మంచిది? వాడు టేపు తెస్తాడు, బ్యాటరీ లైటు తెస్తాడు. ముందు ఆ పరదా ఎత్తుతాడు."

"ఎత్తనీండి."

"ఇరవై ఆరేళ్ళు రోలింగ్ మిల్లులో ఫిట్టరువి. అర మిల్లీమీటరు తేడా ఉంటే వేలుపెట్టి చెప్పేవాడివి. నీ కుర్చీ కొలత నీకు అరవై మూడు వచ్చిందా?"

"చలి ఎక్కువైంది కదా ఇవాళ."

"ఒళ్ళో తువ్వాలుంది. మెడకి చుట్టుకో."

"ఉండనీండి. దాని కింద చెయ్యి వెచ్చగా ఉంది."

"ఉండనీ మరి."

"అరవై ఆరు."

"ఏమన్నావు?"

"అరవై ఆరు మాస్టారూ. ఇరవై ఆరు అంగుళాలు సరిగ్గా. కావాలనే మూడు తగ్గించి చెప్పేను. అంగుళాల్లో చెప్తే మీరు పట్టీస్తారు. అంగుళమంటే బొటనవేలు, అందరికీ కంటికి కనిపిస్తాది. మూడు సెంటీమీటర్లంటే ఎవరి కంటికి ఆనుతాది?"

"నాకు తెలుసు."

"ఏటి తెలుసు?"

"ఆవేళ నెత్తళ్ళు తిని కుర్చీలోనే కునుకు తీశావు. లూసమ్మగారి కుట్టు టేపు కిటికీలో ఉంది. కొలుచుకున్నాను. మిస్త్రీకి ఇరవై ఎనిమిది అంగుళాలని చెప్పాను. గడప కూడా వద్దన్నాను."

"ఇరవై ఎనిమిదా?"

"ఇరవై ఎనిమిది. అటో అంగుళం, ఇటో అంగుళం వదులు."

"అయితే ఇరుక్కోకూడదు కదా."

"ఇరుక్కోకూడదు."

"మరి ఇరుక్కుంది కదా మాస్టారూ."

"ఇరుక్కుంది. నాలుగు సూత్‌లని జెన్నీకి చెప్పింది నేనే కదా. నేను కాదన్నానా?"

"మీరు అడగరేటి?"

"మా ఆవిడ మణిమాల పోయాక నాకు చెప్పులు కొరుకుతున్నాయని నాలుగు నెలలు గడప దాటలేదు. గుర్తుందా?"

"గుర్తుంది."

"అవి మూడేళ్ళ పాత చెప్పులు. మెత్తగా అరిటాకులా ఉండేవి. అందరూ వచ్చి మాస్టారూ బయటికి రండి, మనసు తేలికపడుతుంది అన్నారు. నువ్వు మాత్రం చెప్పులు కొరుకుతున్నాయా, ఏ వేలి దగ్గర అని అడిగి, కొబ్బరినూనె తెచ్చి రాశావు. వాటికి నూనె రాస్తూ నువ్వు నవ్వలేదు. అది నేను మర్చిపోలేదు."

"నూనె రాస్తే మెత్తబడ్డాయి కదా."

"మెత్తబడ్డాయి. అయిదో నెలలో."

"నాకు నాలుగు నెలలు లేవు మాస్టారూ. రేపే."

"తెలుసు."

"పద్నాలుగు నెలలైంది స్కూటరు మీంచి పడి. ఈ గదీ, ఆ మంచం, ఆ కిటికీ. కిటికీలోంచి పొగగొట్టాలు మూడు కనిపిస్తాయి, నాలుగోది గోడకి అడ్డం. బయటికెళ్తే బావుణ్ణని రోజూ అనుకుంటాను. కుర్చీ గుమ్మం దాకా వస్తే చెయ్యి నా మాట వినదు."

"ఎవర్ని చూసి భయం?"

"రేపు చర్చికి షిఫ్టు వాళ్ళందరూ వస్తారు. ఆరడుగుల కొర్నేలి అనేవారు నన్ను. హార్వే పక్కన నిలబడితే వాడు నా చెవి దాకా వచ్చేవాడు. ఇప్పుడు నాలుగడుగుల మూడంగుళాలు. కూర్చుని కొలుచుకున్నాను."

"అడుగుల్లో ఎందుకు చెప్పుకుంటావు? సెంటీమీటర్లలో చెప్పుకో. నూట ముప్పై. వినడానికి ఎంత పెద్దగా ఉందో చూడు."

"నవ్వొస్తంది మాస్టారూ."

"రానీ."

"జెన్నీ మొఖాన్ని తలెత్తి చూడాలి నేను. ఇన్నేళ్ళూ అది నన్ను తలెత్తి చూసేది."

"చిన్నప్పుడు తలెత్తి చూసిందని తనని నువ్వేమైనా తక్కువ చేశావా?"

"లేదు మాస్టారూ."

"నేను ఇంటికెళ్తున్నాను కొర్నేలీ. కూర మీద మూత పెట్టానో లేదో."

"నన్నిలగ వదిలీసా?"

"మిస్త్రీ వచ్చి పరదా ఎత్తేలోపు నీకు ఇంకా పావుగంట ఉంది. నేను నిలబడి చూస్తుంటే నీకు ఇబ్బంది. జెన్నీ అడిగితే తప్పు నాదే. అంగుళాలకీ సెంటీమీటర్లకీ తికమకపడ్డాను. రేపు చర్చిలో కూడా ఎవరడిగినా అదే చెప్తాను."

"మాస్టారూ."

"చెప్పు."

"కుర్చీ రాకపోయినా, మీరు పొద్దున్నే వస్తారు కదా?"

"ఏడింటికి వస్తాను. చెప్పులేసుకుని."

"..."

"డాడీ, మిస్త్రీ ఇంటికి తాళం వేసుంది. చరోదా వెళ్ళేడట, పొద్దున్న ఎనిమిదికి గానీ రాడట. ఇప్పుడేటి... డాడీ? నువ్వు వరండాలో ఉన్నావేటి?"

"అరవకమ్మా. మెల్లిగా."

"అంకుల్ ఏరి? గుమ్మం ఎవరు చెక్కేరు?"

"ఎవరూ చెక్కలేదు."

"మరి నాలుగు సూత్‌లు తక్కువన్నారు కదా?"

"తక్కువ లేదు. రెండంగుళాలు ఎక్కువే ఉంది. ఇదిగో, పరదా ఎత్తి చూడు. నీ చెయ్యి పడతాది."

"అయితే అంకుల్ లెక్క తప్పలేదా?"

"తప్పలేదు. నేనడక్కుండానే తప్పు ఆయన నెత్తినేసుకున్నారు."

"మరి అంత తోస్తే ఎందుకు కదల్లేదు డాడీ? మోచేతులు ఎర్రగా అయిపోయాయి నావి."

"ఏదీ, ఇలగ చూపించు. ఎంత ఎర్రబడ్డాయో. వంగమ్మా, నాకు అందట్లేదు."

"చెప్పు డాడీ."

"తువ్వాలు కింద బ్రేకు పట్టుకుని కూర్చున్నాను తల్లీ."

"రేపు కూడా పట్టుకుంటావా?"

"రేపు ఆ చెయ్యి నువ్వు పట్టుకుంటావు కదా. ఇంక బ్రేకెలా పడతాది? పద, మంచు పడతంది. నువ్వు ముందు వెళ్ళు. మమ్మీ వస్తే పెరటి తలుపు తీద్దాం. ఈ తలుపు నేనేస్తాను. చప్పుడు కానివ్వనులే, గోడ పక్కనే మాస్టారు పడుకునుంటారు."