ఎడమ చెయ్యి ముందు

క్రాకోవ్ నగరంలో ఒక సంగీతశాల. మల్వినా పియానో కచేరీ సగమయ్యాక విరామం ఇచ్చారు. ఒకప్పుడు ఆమెకు పాఠం చెప్పిన హల్ష్కా, చెల్లెలు ఫెలాతో కలిసి వసారాలో నిమ్మకాయ టీ ముందు కూర్చుని ఉంది.

"చాలు. లే ఫెలా, కోట్లు తీసుకుని ఇంటికి పోదాం."

"అదేమిటక్కా, ఇంకా సగం ఉంది! ఆ పిల్ల పనిగట్టుకుని పిలిచి మొదటి వరసలో కూర్చోబెట్టింది. ఆ కుర్చీ ఖాళీగా కనిపిస్తే ఊరంతా ఏమనుకుంటుంది?"

"ఏమనుకోవాలో అదే అనుకుంటుంది. హల్ష్కా విన్నది, భరించలేక లేచిపోయింది అని. అందుకే పోదామంటున్నాను."

"వేదిక మీంచి దానికి కనిపించదూ? గుండె పగులుతుందక్కా."

"పగలనీ. చేతులైనా బాగుపడతాయేమో."

"జనం మాత్రం ఏడ్చారు. నా పక్కావిడ రుమాలు తడిపేసుకుంది."

"జనం! పెళ్ళిలో అకార్డియన్ మోగినా తడుపుకుంటారు. ఆ మజుర్కా నాట్యాల బాణీలంటావా, బూట్లలో నీళ్ళు నిండినట్టు నడిచాయి. పోనీ, అవి క్షమిస్తాను. నెమ్మదిగా సాగే ఆ నాక్టర్న్ మాత్రం క్షమించను. విన్నావా? ఎడమ చెయ్యి ముందు పడుతుంది, కుడి చెయ్యి తీరిగ్గా వెనక వస్తుంది. కలిసి పడాల్సిన స్వరాలే అవి! పోట్లాడుకున్న మొగుడూ పెళ్ళాం చర్చికి బయల్దేరినట్టు, ఒకరు ముందూ ఒకరు వెనకా."

"నాకు బాగానే ఉంది. పాట ఒకసారి ఊపిరి పీల్చుకున్నట్టుంది."

"నీకు బాగుండక ఏం? ఈ చీజ్‌కేకూ బాగుందన్నావు. అది నిన్నటిది."

"నిన్నటిదైనా బాగుంది మరి."

"ఫెలా, అది తాతల కాలం నాటి జబ్బే. ఎప్పుడో దొరసానుల కోసం దివాణాల్లో అలా వాయించేవారు. ఇప్పుడు ఆరునెలలు చదివిన పిల్ల కూడా మానుకుంటుంది. దీనికి మూడేళ్ళు చెప్పాను, మనింట్లో కూర్చోబెట్టుకుని. వేళ్ళమీద పెన్సిల్‌తో కొట్టి మరీ చెప్పాను. మానలేదు. మానలేదు కనకే కదా వెళ్ళగొట్టాను?"

"నీ కోపం అందుకా, కార్యక్రమ పత్రం చూసినందుకా?"

"ఏ పత్రం?"

"కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చదివావుగా. 'ప్రొఫెసర్ గ్రిగ్లెవిచ్ తరగతిలో విద్య పూర్తిచేశారు' అని వేశారు. నీ పేరు లేదు."

"ఉంటే నా పరువు పోయేది."

"మరి పొద్దున్నే వెళ్ళి జుట్టెందుకు చేయించుకున్నావు? అమ్మ ముత్యాల దండ ఎందుకు వేసుకున్నావు?"

"చలికి."

"ముత్యాలా? చలికా?"

"నీకెందుకే!"

"పంపించేసిన రోజు నువ్వేగా అన్నావు, 'నా పేరు ఎక్కడా ఎత్తకు' అని. నేనక్కడే ఉన్నాను. పాపం, మాట నిలబెట్టుకుంది."

"నోరు ముయ్యి. అదిగో, ఆయనే వస్తున్నాడు. ఆ నడక చూడు, కచేరీ తనే చేసినట్టు."

గ్రిగ్లెవిచ్ వాళ్ళ బల్ల దగ్గరికి వచ్చాడు.

"హల్ష్కా గారూ! చెయ్యి ఇలా ఇవ్వండి, ముద్దు పెట్టుకోనివ్వండి. ఎలా ఉంది మా మల్వినా?"

"అచ్చం మీ శిష్యురాలే. పెడల్ మీద కాలు పెట్టడం వచ్చు, తీయడం రాదు."

"మీ దయ. ఇంకా?"

"ఆ నాక్టర్న్‌లో చేతులు విడిపోవడం కూడా మీ ఘనతే. ఉంచుకోండి. పేరు మీదే కదా వేశారు."

"అయ్యో, అది మాత్రం నాది కాదండీ! నా దగ్గరికి వచ్చేటప్పటికే ఉంది. మానిపించడానికి గొంతు చించుకున్నాను. చెప్పినవన్నీ మార్చుకుంది, అదొక్కటి మాత్రం ససేమిరా అంది."

"మొండి ఘటం. నా దగ్గరా అంతే."

"మొండితనం కాదు. ఒకరోజు విసుగొచ్చి అడిగేశాను, ఈ దరిద్రం ఎవరు నేర్పారమ్మా అని."

"ఏమంది? రేడియోలో విన్నానందా?"

"ఎవరూ నేర్పలేదండి, విన్నాను అంది. 'పాఠానికి కావాలనే ముందు వెళ్ళి, తలుపు బయట నిలబడేదాన్ని. లోపల మేడమ్ ఒక్కరే కూర్చుని, తనకోసం వాయించుకునేవారు. ఎడమ చెయ్యి ముందు, కుడి చెయ్యి వెనక. లోపలికెళ్ళాక అదే వాయిస్తే కొట్టేవారు' అంది."

హల్ష్కా చెంచా తీసుకుని చల్లారిన టీ కలపసాగింది.

"నేను నమ్మలేదనుకోండి. మీరేమిటి, అలా వాయించడమేమిటి! వస్తాను, గంట కొడుతున్నారు."

"అక్కా, గంట కొట్టారు. కోట్లు తెమ్మంటావా?"

"ఆ తలుపు నేనెప్పుడూ వేసే ఉంచేదాన్ని, ఫెలా."

"వేసే ఉంచేదానివి. అయినా వినపడేది. వంటింట్లో నాకూ వినపడేది. కోట్లు తేనా?"

"కోట్లేమిటే, మిగతా సగం వినవా? లోపలికి పద. నువ్వు ముందు నడు. నేనొక్క క్షణం ఆగి వస్తాను."