కల్లుప్పు పొట్లం

ఆసుపత్రి నుంచి తండ్రిని తీసుకొచ్చి, పక్కగదిలో పడుకోబెట్టి, తమ్ముడు వంటింట్లోకి వచ్చాడు. అక్క పొయ్యి దగ్గర ఉంది.

"...అది కాదురా, నేనడిగేది ఆ పొట్లం సంగతి. కల్లుప్పేనా?"

"ఊఁ."

"ఇంట్లో ఉప్పుకి కరువొచ్చిందా? మెత్తుప్పుంది. పక్కింటి పిన్ని ఇచ్చిన గులాబీరంగు సైంధవలవణం ఉంది. నువ్వు మోసుకొచ్చిన సోడియం తక్కువ ఉప్పు, దాని మూత కూడా తియ్యలేదు."

"తియ్యకులే. అందులోని పొటాషియం నాన్న కిడ్నీలకి అసలు పడదన్నారుగా."

"అందుకే అన్నిటినీ అటకెక్కించా. మనిద్దరం కూడా చప్పిడే తింటున్నాం. ఇప్పుడు నువ్వు ఇది తెచ్చి ఆయన కంటపడేలా పెడతావా?"

"నాన్న కోసమే తెచ్చానక్కా."

"మతిపోయిందా నీకు?"

"మెత్తుప్పు ఆయనకి గిట్టదు కదా. హోటల్లో వంటమాస్టరుగా ఉన్నన్నాళ్ళూ కల్లుప్పే. గుప్పిట్లో పట్టి, బరువు చూసి వేసేవాడు. రుచి కూడా చూసేవాడు కాదు."

"నాకు చెప్తావేంట్రా, ఆయన కూతుర్ని నేను. ఆ చెయ్యే ఇప్పుడు నేను పెట్టిన ముద్దని అటూ ఇటూ తిప్పి కంచంలోనే వదిలేస్తోంది. చూడలేక చస్తున్నా. అయినా అదే పెడుతున్నా. పాదాల వాపు తగ్గిందా లేదా, నువ్వే చెప్పు."

"తగ్గింది."

"మరి? సరే, డాక్టరేమన్నాడు?"

"బానే మాట్లాడాడు. కూర్చోబెట్టి మాట్లాడాడు."

"మందులు మార్చాడా?"

"లేదు."

"పాతవే వాడమన్నాడా?"

"పాతవి... పాతవీ ఆపెయ్యమన్నాడు. ఆయాసానికి ఒక్కటి ఉంచాడు."

"అన్నీ ఆపెయ్యమన్నాడా? చూశావా, చప్పిడి తిండితో దారికొస్తుందని నేను మొత్తుకుంటూనే ఉన్నా. నువ్వేమో జైలు కూడని రోజూ దెప్పావు. మళ్ళీ ఎప్పుడు రమ్మన్నాడు?"

"రానక్కర్లేదన్నాడు."

"రానక్కర్లేదా? అంత బాగయ్యాడా? అయితే ఇవాళ ఒక చిటికెడు వేస్తానురా. ఏది వెయ్యను? సైంధవలవణం ఒంటికి మంచిదంటుంది పిన్ని. ఏం మంచిలే, రంగేదైనా ఉప్పు ఉప్పే. మెత్తుప్పయితే కొలత తెలుస్తుంది, గోరంత వేస్తే సరి. ఏమంటావ్?"

"అక్కా, ముందు పొయ్యి కట్టెయ్. కూర మాడుతోంది."

"మాడనీ. మొహం అటు తిప్పుకుంటావేం? ఉప్పు గురించి అడిగావా, లేదా?"

"అడిగా."

"ఏది వెయ్యమన్నాడు?"

"ఏదైనా."

"ఏదైనా అంటే? ఎంత?"

"ఎంతైనా. ఇక ఆయన ఏది అడిగితే అది పెట్టమన్నాడు."

"ఉండు, పొయ్యి కట్టేస్తున్నా."

"అక్కా."

"ఆ మాట అన్నాడా? నిజంగా ఆ మాటే అన్నాడా?"

"ఊఁ. గట్టిగా ఏడవకు, పక్కగదిలోకి వినపడుతుంది."

"నాన్నకి తెలుసా?"

"డాక్టరు చెప్తున్నప్పుడు నా పక్కనే ఉన్నాడు."

"నేనేం చేశానురా. ఇన్నాళ్ళూ ఆయన నోరు కట్టేశాను. ఎంతమందికి వండిపెట్టిన మనిషి, చివరికి నా చేత్తో నాలుగు మెతుకులు ఇష్టంగా తినలేకపోయాడు. ఆ పొట్లం ఇటివ్వు. ఎంత వెయ్యాలి? నా చేతికి అలవాటే తప్పింది. పాపం, నోరు తెరిచి అడిగాడా, కల్లుప్పు కావాలని?"

"అడగలేదక్కా. నేనే కొన్నా. కొట్టు దగ్గర నా చెయ్యి పట్టుకుని వద్దన్నాడు. 'దాని చప్పిడి తిండే నన్ను బాగుచేస్తోందని అనుకుంటోందిరా పిచ్చిది. ఉన్నన్నాళ్ళూ అదే తింటాను, అక్కకి చెప్పకు' అన్నాడు."