ఆటో బటన్

స్టూడియో వెనక గదిలో కంప్యూటర్ ముందు ఫొటోగ్రాఫర్ కూర్చున్నాడు. కుర్చీ వెనక అతని భార్య నిలబడి ఉంది.

“పొద్దుట్నుంచీ ఆ పెళ్లికూతురి మొహం వదలట్లేదు మీరు.”

“కెమెరాలోంచి ఏ దిద్దుబాటూ లేకుండా వచ్చిన రా ఫైలు కదా, చీకటిగా ఉంది. నీడలోంచి మొహం తేలాలి, ఒంటిరంగు చెడకూడదు. ఈ సాఫ్ట్‌వేర్‌ని నేనడిగేది అంతే.”

“బుగ్గ మీది పుట్టుమచ్చని కూడా అంత ముద్దుగా తేల్చమని ఆవిడ అడిగిందా?”

“కుళ్లా?”

“నాకెందుకు కుళ్లు. ఆవిణ్ణి తీసిన రోజే నన్నూ తీశారుగా, నా ఫొటో ఏం చేశారో చూశాను. అన్నీ దానంతటదే దిద్దేసే ఆ ఆటో బటన్ ఒక్కసారి నొక్కి వదిలేశారు.”

“నీ మొహంలో దిద్దడానికి ఏముందే?”

“ఈ మాట కూడా ఆ బటన్ నొక్కితేనే వచ్చినట్టుంది.”