మీటరు ముందు జపమాల

(భివండీలోని గైబీ నగర్‌లో వరుస గదుల అద్దె ఇళ్లున్న ఒక చాళ్‌లోని తెలుగు మహిళా మండలి, తన అధ్యక్షురాలు ఓదెమ్మ గారికి 2004లో ఒక శుక్రవారం మధ్యాహ్నం వీడ్కోలు సన్మానం చేసింది. ఆ సభలో ఆమె మాట్లాడిన మాటలు ఇవి.)

ఈ సభకు అధ్యక్షత వహించి, నా భుజం మీది శాలువా జారిపోకుండా ఇంతసేపు పట్టుకున్న పెద్దలు కేశవులు కాకకు, పిలవగానే దుకాణం వదిలి ముఖ్య అతిథిగా వచ్చిన ఓంప్రకాష్ గారికి, రేపటి నుంచి నా కుర్చీలో కూర్చోబోయే శారదాంబ చెల్లెలికి, మా చాళ్ అక్కచెల్లెళ్లకు, లోపలికి రావాలా వద్దా అని తలుపు దగ్గరే ఆగిపోయిన మగవాళ్లకు, ఈ హాలులో మనకు చోటిచ్చిన మార్కండేయ స్వామికి నమస్కారం. స్వామి పేరు చివర చెప్పిందేమిటని అనుకోవద్దు. చివర విన్న పేరు మనసులో ఉండిపోతుందని అలా చెప్పాను.

నా గొంతు చిన్నది. ఈ ఊళ్లో బట్ట నేసే సాంచాల చప్పుడు మీద మాట్లాడాలి కాబట్టి చంటిపిల్లలు కూడా అరవడం నేర్చుకుంటారు. నాకు మాత్రం ఇన్నేళ్లయినా అది రాలేదు. అందుకే నేను ఏం చెప్పాలనుకున్నా సాంచాలు బంద్ ఉండే శుక్రవారం దాకా దాచుకుని చెబుతాను. వెనక వరుసలో మన చాళ్‌కంతా పెద్దది వెంకవ్వ కూర్చుంది. వెంకవ్వా, వినపడుతోందా?

(వెంకవ్వ: "ఇనవడ్తుంది గని జెర జల్ది చెప్పు బిడ్డా, మిర్చీలు సల్లారుతున్నయ్!" నవ్వులు.)

ఆ మిర్చీ బజ్జీల గురించే మొదట అడగాలనుకున్నాను. మన మండలి ఇంతవరకూ ఎవరిని సాగనంపినా చాయ్, బిస్కట్లతోనే సాగనంపింది. ఈ రోజు మిర్చీలు వచ్చాయి, లడ్డూలు వచ్చాయి, జరీ అంచు శాలువా వచ్చింది, ఫోటో తీసేవాడు కూడా వచ్చాడు. నేను ఏ ఊరికీ పోవడం లేదు. మంచాన పడలేదు. అధ్యక్షురాలిగా నా గడువు దసరా దాకా ఉంది. అయినా నాకు విశ్రాంతి కావాలని నాకంటే ముందు కొందరికి తెలిసిపోయింది. ఈ శాలువా ఎవరు కొన్నారని పొద్దున అడిగితే ఒకరు ఇంకొకరి వైపు చూశారు, ఆ ఇంకొకరు గోడ వైపు చూశారు.

అనుమానం మంచి గుణం కాదు. రోజూ దీపం పెట్టేటప్పుడు, నా మనసులోంచి దీన్ని తీసెయ్యమని స్వామిని అడుగుతూనే ఉన్నాను. ఆయన ఇంకా తీసెయ్యలేదు. దీనితో ఏదో పని ఉందేమో అనుకుంటున్నాను. (నవ్వులు.)

బయటి నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టి మా సంగతి కొంచెం చెబుతాను. మా చాళ్ మొత్తానికి ఒకటే మీటరు, అది చాళ్ యజమాని మాలిక్ పేరు మీద ఉంది. బిల్లు వస్తే మాలిక్ తరఫున చాళ్ చూసుకునే ఓంప్రకాష్ గారు దాన్ని అన్ని గదులకూ సమంగా పంచుతారు. సమంగా పంచడం వినడానికి ధర్మంగానే ఉంటుంది. కానీ సమంగా పంచినప్పుడు ఎవరు పొదుపు చేస్తారు? నేను దీపం ఆర్పితే ఆ లాభం పక్క గదికి పోతుందని ప్రతి గదీ అనుకుంది. నూనె స్టవ్ ఉన్నవాళ్లు కూడా కరెంటు పొయ్యి, ఆ సిగిడి మీదే వండారు. పేరు చెప్పను కానీ ఒకామె సిగిడి మీద పప్పు పెట్టి, అది ఉడికేలోగా బజారుకు పోయి వచ్చేది.

(వెంకవ్వ: "పేరు జెప్పకుంటనే అందరు నా దిక్కే సూస్తున్రు గదనే!" నవ్వులు.)

నేను చూడలేదు వెంకవ్వా, కళ్లు మూసుకునే చెప్పాను.

ఒక శుక్రవారం మీటరు కింద వసారాలో చాప వేసుకుని జపం చేసుకుంటున్నాను. అక్కడ చల్లగా ఉంటుంది. మీటరులో తిరిగే పళ్లెం మీద ఒక ఎర్ర గీత ఉంటుంది కదా, అది ఇటు వచ్చి అటు పోతూ ఉంటే నా చూపు దాని మీదే నిలిచింది. స్వామి మీద నిలవవలసిన చూపు అక్కడ నిలిచిందని నాకు బాధగానే అనిపించింది. కానీ పూసలు తిప్పుతుంటే ఒకటి అర్థమైంది. గీత ఒకసారి వచ్చి మళ్లీ వచ్చేలోపు ఇన్ని పూసలు దాటుతున్నాయి. ఇంతలో ఎవరో నీళ్లు కాగబెట్టడానికి బకెట్లో హీటర్ రాడ్ వేశారు. స్వామి పేరు నా నోట పూర్తిగా రాకముందే ఆ గీత పరుగెత్తుకుంటూ వచ్చేసింది. నా బిల్లు పరుగెత్తినట్టే అనిపించింది.

అప్పటి నుంచి మన శుక్రవారాలు మీకు తెలిసినవే. ఎవరి సంపాదనతోనూ పని లేదు, ఎవరి ఇంటి గుట్టూ అక్కర్లేదు. అందరూ అన్నీ ఆర్పాలి, ఒక్కరు ఒక్కటి వెయ్యాలి, మిగిలినవాళ్లం మీటరు ముందు మాల తిప్పాలి. ఏది ఎంత తాగుతుందో మన కళ్లతో మనం చూశాం. సిగిడీ, హీటర్ రాడ్ అన్నిటికంటే దొంగలని తేలింది. పప్పు పొద్దున్నే నానబెట్టాం. స్నానాల నీళ్లు నల్లరంగు డబ్బాల్లో పోసి పైకప్పు రేకుల మీద ఎండకు పెట్టాం. ఫ్రిజ్‌లు గోడకు ఆనకుండా జరిపాం. ఇస్త్రీ వారానికి ఒకరోజు పెట్టుకున్నాం. దేవుడి పటం ముందు రాత్రింబవళ్లు వెలిగే చిన్న ఎర్ర బల్బు నేను తీసేసి నూనె దీపం పెడితే, ఓదెమ్మకు భక్తి తగ్గిందని రెండు వారాలు చెప్పుకున్నారు. చెప్పుకున్నవాళ్లు ఇక్కడే ఉన్నారు, చల్లగా ఉండాలి. స్వామి చీకట్లో మనల్ని చూడలేడా తల్లీ? మనకే ఆయన కనిపించడు.

ఇక ఆ ఒక్క శుక్రవారం గురించి చెప్పాలి. అన్ని గదుల్లో అన్నీ ఆర్పేశాం. మన చాళ్ హనుమాండ్లు తమ్ముడు గది గదికీ పోయి చూసి వచ్చాడు. ఒక్క దీపం లేదు, ఒక్క ఫ్యాను లేదు. అయినా ఎర్ర గీత వచ్చింది. పోయింది. మళ్లీ వచ్చింది. సాంచాలు ఆగిన నిశ్శబ్దంలో ఆ మీటరు గుయ్‌మని పాడుతుంటే మనందరం విన్నాం. హనుమాండ్లు రేకుల మీదికి ఎక్కి, మన తీగ నుంచి ఇంకొక తీగ వెనక గోదాము వైపు పోయిందని చెప్పాడు. అది ఎవరిదో నాకు తెలియదు. నేను రేకులు ఎక్కలేను. వారం తిరిగేసరికి ఆ తీగ అక్కడ లేదు, తర్వాతి బిల్లు మాత్రం సగానికి దిగింది. దిగినందుకు సంతోషించనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని నేను అడగలేదు. ముఖాలు చూశాను, అంతే.

(ఓంప్రకాష్: "అక్కా, సన్మానంల గివన్నీ ఎందుకు? మంచి మాటలు చెప్పుండ్రి.")

మంచి మాటలకే వస్తున్నాను ఓంప్రకాష్ గారూ. మీ గురించే.

తీగ పోయాక మనం ఒకటి అనుకున్నాం. గది గదికీ సొంత మీటరు, ఎవరి పేరు మీద వాళ్లకు బిల్లు. వారం వారం కూడబెట్టాం. ఆ డబ్బు ఈ హాలు బీరువాలోనే ఉంది, దాని తాళంచెవి నా కొంగున ఉంది. ఈ ఊరికి వచ్చి పిల్లల్ని కన్నాం, ఆ పిల్లలకు పెళ్లిళ్లు చేశాం. కానీ ఇది మా ఇల్లని చూపించడానికి మన పేరు మీద ఒక్క కాగితం లేదు. రేషన్ కార్డుకు పోతే "లైట్ బిల్ దాఖవా", కరెంటు బిల్లు చూపించు అంటారు. బడికి పోయినా అదే మాట. ఏం చూపిస్తాం? మాలిక్ పేరు చూపిస్తాం. మాలిక్ రేపు గది ఖాళీ చెయ్యమంటే, ఇన్నేళ్లు ఇక్కడ ఉన్నామనడానికి మన నోటి మాట తప్ప ఇంకేం ఉంది? నా గొంతు ఎంత చిన్నదో చూస్తూనే ఉన్నారు.

సరిగ్గా అప్పుడే ఓంప్రకాష్ గారికి మన మీద దయ కలిగింది. ధామన్కర్ నాకాలో ఉన్న తన దుకాణానికి కొత్త పెట్టె వచ్చిందన్నారు. ఇదిగో, ఈ బల్ల మీద ఉంది, తెల్లగా, అరచేతిలో పట్టేంత ఉంది. గోడ ప్లగ్గుకు పెడితే పచ్చ దీపం వెలుగుతుంది, బిల్లు సగమవుతుంది, ఇక సొంత మీటర్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం ఎందుకు, ఆ డబ్బుతో గదికొక పెట్టె తీసుకోండి అన్నారు. పోయిన శుక్రవారం ఇదే హాలులో ట్యూబులైట్లు వేసి, చేతిలో ఒక చిన్న యంత్రం పట్టుకుని చూపించారు. పెట్టె పెట్టగానే యంత్రంలో అంకె దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతూనే ఒకటి అడిగాను, చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. ఆ మర్నాడే నాకు విశ్రాంతి కావాలని తేలింది.

ఆ రోజు అడిగింది ఈ రోజు మళ్లీ అడుగుతాను. బిల్లు రాసే మనిషి నెలకోసారి వచ్చి దేని వైపు చూస్తాడు? ఓంప్రకాష్ గారి చేతిలోని యంత్రం వైపా, తలుపు పక్కనున్న మీటరు వైపా?

(వెంకవ్వ: "మీటరు దిక్కే సూస్తడు. ఇంకేడ సూస్తడు?")

(ఓంప్రకాష్: "అక్కా, ఇది టెక్నికల్ మ్యాటర్. మీకు సమజ్ కాదు.")

నిజమే, నాకు సమజ్ కాదు. అందుకే చూద్దామంటున్నాను. ఈ హాలుకు వేరే మీటరు ఉంది. హనుమాండ్లూ, ఫ్యాన్లన్నీ ఆపి, పోయిన వారం లాగే ట్యూబులైట్లు మాత్రం వేసి, ఆ మీటరు ముందు నిలబడు తమ్ముడూ. ఎర్ర గీత రాగానే పిలువు. నాలుగింటికి లోడ్ షెడ్డింగ్, ఆలోపే అయిపోతుంది. కేశవులు కాకా, మీరు భజన తాళాలు కొట్టండి. ఎన్నేళ్లో సాంచాల మధ్య ఉండి కాకకు చెవులు తగ్గాయి కానీ, భజనలో ఆయన చెయ్యి వేగం పెరగడం, తగ్గడం నేను ఎన్నడూ చూడలేదు. ఆ తాళానికి అందరం స్వామి పేరు అందాం.

మాల నేను తిప్పను. తిప్పితే పూస జరిపానంటారు, అనే హక్కు మీకు ఉంది. శారదాంబ తిప్పుతుంది. శారదాంబ ఓంప్రకాష్ గారికి సొంత వదిన. పెట్టెలు కొనిపిస్తానని మరిదికి మాట ఇచ్చిందని కూడా విన్నాను. అందుకే ఆమే తిప్పాలి. రా చెల్లీ.

(శారదాంబ లేచి వచ్చి మాల తీసుకుంది. హనుమాండ్లు "వచ్చింది!" అని పిలవగానే హాలంతా "ఓం నమశ్శివాయ" మొదలుపెట్టింది. మళ్లీ "వచ్చింది!" అన్నాడు. నామం ఆగింది.)

వేలు అక్కడే ఉంచు. ఇందాక నాకు వేసిన దండలోంచి ఒక దారం తీసి ఆ పూసకు కడుతున్నాను. ఓంప్రకాష్ గారూ, ఇప్పుడు మీ పెట్టె మీ చేత్తోనే పెట్టండి. పచ్చ దీపం వెలిగిందా? చాలా అందంగా ఉంది. పెట్టె చెప్పినట్టు చేస్తే గీత ఆలస్యంగా రావాలి, మన వేలు దారం దాటి దూరం పోవాలి. పోతే ఈ బీరువా తాళంచెవి మీ చేతిలోనే పెడతాను. కాకా, కొట్టండి.

(హనుమాండ్లు "వచ్చింది!" అనగానే మళ్లీ నామం. శారదాంబ మళ్లీ మొదటి పూస నుంచి తిప్పుతోంది. హనుమాండ్లు: "వచ్చింది!" హాలు ఆగింది. శారదాంబ తల వంచి మాల వైపు చూసింది.)

చెప్పు చెల్లీ.

(శారదాంబ: "దారం కాడనే ఆగింది అక్కా.")

(ఓంప్రకాష్: "వదినా! సరిగ్గ సూడు. జల్ది జల్ది తిప్పినవ్. ఇంకోసారి లెక్కవెట్టాలె!")

పెట్టండి, పదిసార్లు పెట్టండి. హనుమాండ్లూ...

(ఇంతలో కరెంటు పోయింది. ట్యూబులైట్లు, పెట్టె మీది పచ్చ దీపం ఒక్కసారే ఆరిపోయాయి. వెంకవ్వ: "గిప్పుడు సూడుండ్రి, గిప్పుడు అసలైన ఆదా అయితుంది!" హాలంతా నవ్వులు. చాలాసేపు.)

కూర్చోండి, కిటికీ వెలుతురు చాలు. ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను.

నేను ఆ మీటరు వైపు చూడలేదు. మీటరు ఏం చేస్తుందో మన వసారాలో పూసల మీద ఎన్నోసార్లు చూశాను, దాని మీద నాకు అనుమానం లేదు. నేను శారదాంబ బొటనవేలి వైపు చూశాను. మాల ఆమె చేతికి ఇచ్చేటప్పుడు ఎన్నిసార్లు మొక్కుకున్నానో ఆ స్వామికే తెలుసు. నామం జోరులో రెండు పూసలు, మూడు పూసలు ముందుకు జరిపితే ఈ హాలులో ఎవరు కనిపెట్టేవారు? మరిది ఎదురుగా ఉన్నాడు, ఇచ్చిన మాట ఉంది, రాత్రి అందరూ కలిసి తినవలసిన ఇల్లు ఉంది. నామం ఆగినప్పుడు నీ వేలు దారం మీదే ఉంది చెల్లీ, అది చూశాను. అక్కడి నుంచి కదల్లేదు.

పొద్దున ఈ తాళంచెవి కొంగుకు ముడి వేసుకున్నప్పుడు, ఎవరు అడిగినా దసరా దాకా విప్పకూడదనే అనుకున్నాను. ఇప్పుడు నేనే విప్పుతున్నాను. ఇదిగో, పట్టుకో. మీటర్లు వచ్చేదాకా ఇది నీ దగ్గర ఉండాలి. మొదటి బిల్లు నీ పేరు మీద వచ్చిన రోజు, దాన్ని తెచ్చి స్వామి పాదాల దగ్గర పెట్టు. ఆ రోజు మిర్చీలు నేను చేస్తాను. నూనె స్టవ్ మీదే.

(చప్పట్లు. శారదాంబ కొంగుతో కళ్లు తుడుచుకుంది.)

ఓంప్రకాష్ గారూ, పెట్టె మరిచిపోకండి. మీరు మా బిడ్డలాంటివారు. మీ దుకాణం బల్బు మా ఇంట్లో మూడేళ్లుగా వెలుగుతోంది, ఆ మాట ఎవరు అడిగినా చెబుతాను. మాలిక్ గారికి మా నమస్కారం చెప్పండి, ఆయన గోదాములో దీపాలు బాగా వెలుగుతున్నాయా అని ఓదెమ్మ అడిగిందని కూడా చెప్పండి.

ఇంతసేపు నా చిన్న గొంతు విన్నందుకు, అలసిపోకుండా తాళం కొట్టిన కాకకు, మీటరు ముందు నిలబడ్డ హనుమాండ్లుకు, మిర్చీలు చల్లారుతున్నా ఓపిక పట్టిన వెంకవ్వకు, మీ అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. చెల్లీ, మాల నాకు తిరిగి ఇవ్వు. దారం అట్లాగే ఉండనీ. ఈ శాలువా మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను, నేత బాగుంది, మన సాంచాల మీదిలాగే ఉంది. ఎవరు కొన్నారని ఇక అడగను.

సెలవు తల్లులారా.