పోల్చి చూసే కీమా

మాంసానికి డీఎన్ఏ పరీక్షలు చేసే ల్యాబులో ఆమెది ఉద్యోగం. మాంసం కొట్టు నడిపే అన్నయ్యను పిలిపించి, బయట మెట్ల మీద కూర్చోబెట్టి, చేతిలో ఓ కాగితం పెట్టింది.

"అనుమానం వచ్చిన ప్రతి కీమానీ అసలైన మేక కీమాతో పోల్చి చూస్తాం కదా అన్నయ్యా. ఆ అసలైనది నాలుగేళ్లుగా నీ కొట్టు నుంచే తెస్తున్నాను."

"తెలుసుగా. దాంతో పోల్చేగా మూడు కొట్లు మూయించారు."

"నిన్న దాంట్లోనే గుర్రం మాంసం తేలింది."

"మీ మిషనుకేదో రోగం వచ్చుంటుంది."

"నేనూ అలాగే అనుకుని మూడుసార్లు చేశాను. మూడుసార్లూ గుర్రమే."

అతను కాగితం మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"ఇంకా లేదు. నీకు సరుకు వేసేవాడే మోసం చేసుంటాడు. వాడి పేరు చెప్పు, నీ మీదకి రాకుండా చూసుకుంటాను."

"వాడినేం అనకు."

"అనకపోతే ఎలా? పిల్లలకి ఇన్నాళ్లూ అదే వండి పెట్టాను."

"ఛ, లేదమ్మా. నీ పిల్లల నోట్లో అలాంటిది పెడతానా?" అతను నిజంగానే నొచ్చుకున్నాడు. "నీ కోసం అసలైనది ఎప్పుడూ ఫ్రిజ్ పై అరలో వేరే తీసి ఉంచుతాను. మొన్న నేను ఊళ్లో లేను. మీ వదినకి తెలియక, అందరికీ ఇచ్చేదే నీకూ కట్టిచ్చింది."