ఖాళీ మేకు

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో తెలుగు మాస్టారి వరండా. పోయిన నెల జోగమ్మ భర్త చనిపోయాడు. రైల్వే వర్క్‌షాపులో ఆయన చేసిన పని తనకిమ్మని ఆమె మాస్టారి చేత అర్జీ రాయించుకుంటోంది.

“‘దిక్కులేనిదాన్ని’ అని మొదలెట్టానమ్మా.”

జోగమ్మకి ఒళ్లు మండింది. “కొట్టీయండి మాస్టారూ. నా దిక్కు నాను లేనా?”

“పోనీ, ‘లేమితో బాధపడుతున్నాను’ అందామా?”

“లేమంటే ఏటి?”

“లేకపోవడం. లోటన్నా, కొరతన్నా, వెలితన్నా అదే.”

“అదెలాగండి? బియ్యం సాలకపోతే కొరత. మా ఆయన కూకునే పీట ఖాళీగుంటే ఎలితి. అది నాది. ఆఫీసరుకెందుకు?”

“జాలి పుట్టాలమ్మా. అర్జీలన్నీ ఇలాగే రాస్తాం.”

“నాకు జాలొద్దు, పని కావాల. రోజూ పొద్దున్న గేటుకాడ బోర్డు మీద మేక్కి తగిలించిన తన హాజరీ టోకెను తీసుకుని మా ఆయన లోపలికెళ్లీవోడు. ఇప్పుడా మేకు ఖాళీగుంది. ఆ లోటు నాది కాదు, ఆళ్లది.”

మాస్టారు కలం ఆపారు. “అయితే ఏమని రాయమంటావు?”

“ఆ మేక్కి నా టోకెను తగిలించమనండి. సోమారం సైరను మోగీసరికి గేటుకాడుంటానని రాయండి.”